తుపాకీకి చెమట

డ్రై ఫోర్క్ ఊళ్ళో మొగుడు దిగులు పడి మాట మానేస్తే ఆడవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు కాదు. డాక్టరు కొండ దాటి చాలా దూరంలో ఉంటాడు, పైగా ఆయన గుమ్మంలో ట్రక్కు ఆపితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. వాళ్ళు ఆర్డిస్ హోకన్సన్ మాంసం కొట్టుకు వెళ్ళేవాళ్ళు, వెనక సీట్లో పాత దుప్పట్లో చుట్టిన తుపాకీ పడుకోబెట్టుకుని.

ఆర్డిస్‌ది వేటమాంసం కోసే పని. మగవాళ్ళు కొండల్లోంచి కొట్టి తెచ్చిన దుప్పుల్ని, వాటికన్నా పెద్దవైన ఎల్కుల్ని తోలు ఒలిచి, ముక్కలు కొట్టి, తెల్ల కాగితంలో చుట్టి, పైన పేరు రాసిస్తుంది. భర్త నీల్స్ పోయాక కొట్టు ఒక్కతే నడుపుతోంది. అరవై దాటినా తొడముక్కను కొక్కేనికి తగిలించడానికి ఎవర్నీ పిలవదు. మాంసం వేలాడే చల్లగదిలో వెనకవైపు ఒక ఇనప బీరువా ఉంది. తుపాకులు అందులోకి పోతాయి.

ఎందుకు తెచ్చావని ఆమె ఎవర్నీ అడగలేదు. "కొన్నాళ్ళు ఉంచుతావా?" అంటారు. "చోటుంది," అంటుంది. సంభాషణ అంతటితో సరి.

తిరిగి తీసుకోడానికి మాత్రం మగవాడే వచ్చేవాడు. ఒకడు కోపంగా, ఒకడు సిగ్గుగా, ఒకడు ఏమీ జరగనట్టు ఈలవేస్తూ. ఎవడొచ్చినా ఆర్డిస్ పాట ఒకటే. "ఇవాళ కుదరదోయ్. చలిలో ఉన్న ఇనుము వెచ్చటి గదిలోకి తెస్తే చెమట పడుతుంది. తుప్పు పట్టాక నన్ను తిడతావు. ముందు గదిలో పెట్టి మెల్లగా వెచ్చబడనిస్తా. పొద్దున రా, కాఫీ తాగి పట్టుకుపో."

ఇనుముకు చెమట పట్టే మాట నిజమే. కాని చలికాలంలో డ్రై ఫోర్క్ వీధి ఆమె చల్లగది కన్నా చల్లగా ఉంటుంది. బీరువాలోంచి తీసి ట్రక్కులో వేసుకుపోతే ఏ చెమటా పట్టదు. వేటకు పోయే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ఎవడూ నోరు తెరవలేదు. పైకి పట్టుదలగా కనిపించే ఆ మగవాళ్ళందరూ లోపల ఎక్కడో ఆ ఒక్క రాత్రి గడువు దొరికినందుకు ఊపిరి తీసుకున్నారేమో, ఎవరికి తెలుసు. పొద్దున వచ్చి కొందరు తుపాకీ పట్టుకుపోయారు. కొందరు కాఫీ తాగి, "ఇంకొంచెం వెచ్చబడనీలే," అని వట్టి చేతులతో వెళ్ళారు. కొందరు మంచు కరిగేదాకా రానేలేదు. ఆ రాత్రి గడిస్తే చాలు. నీల్స్ తమ్ముడు తనను తాను కాల్చుకుని పోయిన ఏడు ఆర్డిస్ నేర్చుకున్నది అదొక్కటే.

లైల్ ట్వెట్ తుపాకీని కానీ అనే అతని భార్య తెచ్చింది, అతను గొర్రెల మందను ఆఖరి పిల్లతో సహా అమ్మేసిన వారంలో. లైల్, నీల్స్ కలిసి వేటాడినవాళ్ళు. ఊళ్ళో ఏ పెళ్ళిలోనైనా నవ్వులు ఎక్కడ వినిపిస్తే అక్కడ లైల్ ఉన్నట్టు లెక్క.

"లైల్‌కు నిద్ర లేదు," అందామె, దుప్పటి బల్ల మీద పెడుతూ. "పొద్దస్తమానం ఖాళీ దొడ్డి చూస్తూ నిలబడతాడు. ఏంటయ్యా అంటే, లెక్కపెడుతున్నా అంటాడు. అక్కడ ఏముంది ఆర్డిస్, లెక్కపెట్టడానికి?"

"చోటుంది," అంది ఆర్డిస్.

ఆ చలికాలమే రాష్ట్ర రాజ్యాంగం మార్చాలా అని ఊరూరా అడిగే సంఘం వాళ్ళు వచ్చారు. రాష్ట్రం పుట్టినప్పుడు గుర్రాల మీద తిరిగే పెద్దమనుషులు రాసిపెట్టిన వాక్యం ఒకటుంది, ఆయుధం పెట్టుకునే హక్కును ఎవరూ ముట్టుకోరాదని. దాని పక్కన ఇంకో వాక్యం చేర్చాలా వద్దా అన్నది తగువు. ఇంట్లోవాళ్ళు మొరపెట్టుకుంటే జడ్జి కొన్నాళ్ళపాటు తుపాకీ తీసి ఉంచొచ్చు అన్నది ఆ కొత్త వాక్యం. చేర్చాలనేవాళ్ళు దాన్ని కరుణ అన్నారు, వద్దనేవాళ్ళు దోపిడీ అన్నారు. చనిపోయినవాళ్ళు మాత్రం ఇద్దరికీ కావాలి. వాళ్ళ ఫొటోలు పెద్దవి చేయించి ఊరూరా మోసుకు తిరిగారు.

శాసనసభ్యుడు రస్ గాంబిల్‌ది వద్దనే పక్షం. స్వయంగా కొట్టుకు వచ్చాడు.

"నువ్వు మాట్లాడాలి ఆర్డిస్. చట్టం వద్దు, పొరుగువాడు చాలు అని నేను అరిస్తే రాజకీయం అంటారు. నువ్వు చెబితే నమ్ముతారు."

"నేను మాంసం కోసుకునేదాన్ని రస్. నాకు రాజ్యాంగం ఏం తెలుసు?"

"అదే కదా నాక్కావలసింది! తెలిసినవాళ్ళు ఆ సంఘం బస్సునిండా ఉన్నారు."

ఆమె నవ్వింది. ఒప్పుకుంది. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనిని ఒకరు గుర్తించి మాట్లాడడం అదే మొదటిసారి. అది బాగానే ఉన్నట్టనిపించింది.

సభ హైస్కూలు ఆటల హాల్లో, మధ్యాహ్నం. పక్క వంటశాలలో లైల్ భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పెద్ద గిన్నెల్లో బీన్స్, మాంసం ఉడికిస్తున్నారు. దాల్చినచెక్క రొట్టెల వాసన హాలంతా కమ్ముకుంది. లైల్ పై వరసలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. మనుషుల్లోకి వచ్చాడు, మంచిదే అనుకుంది ఆర్డిస్.

ఆమె చెప్పాల్సింది చెప్పింది. ఎవరి పేరూ ఎత్తలేదు. తెస్తారు, ఉంచుతాను, ఇస్తాను. గాంబిల్ మనుషులు చప్పట్లు కొట్టారు. అప్పుడు సంఘంలోని లా ప్రొఫెసరు, నదీన్ ఆష్‌బీ, మైకు దగ్గరికి లాక్కుంది.

"ఒక్క సందేహమమ్మా. ఆ మనిషి వచ్చి, నా తుపాకీ ఇప్పుడే ఇయ్యమన్నాడు. ఇస్తే ఏమవుతుందోనని మీకు భయంగా ఉంది. ఇవ్వనని చెప్పే హక్కు మీకుందా?"

"లేదు."

"మరి ఏం చేస్తారు?"

ప్రొఫెసరు అడిగినదాంట్లో దురుద్దేశం ఏమీ లేదు. ఆర్డిస్ మాట మార్చి ఉండొచ్చు. కాని అంతమంది తనవైపే చూస్తున్నారు, చెప్పడానికి తన దగ్గర మంచి కథ ఉంది.

"తుపాకీకి చెమట పడుతుందని చెబుతాను," అంది. "రేపు రమ్మంటాను. బయట నా గది కన్నా చలి, ఆ సంగతి వాడికీ తెలుసు. అయినా బుద్ధిగా తలూపి పోతాడు."

హాలు గొల్లుమంది. ప్రొఫెసరు నవ్వింది, గాంబిల్ బల్ల చరిచాడు. మగవాళ్ళు ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకున్నారు, నిన్నే, కాదు నిన్నే అంటూ. ఆర్డిస్‌కు చెవులు వేడెక్కాయి. పైకి చూసింది. లైల్ కూడా నవ్వుతున్నాడు, అందరికన్నా కాస్త ఎక్కువసేపు.

మర్నాడు పొద్దున కొట్టు తెరిచేసరికి లైల్ గుమ్మంలో ఉన్నాడు.

"కోళ్ళ మీదికి కొయొటీ తోడేళ్ళు వస్తున్నాయి," అన్నాడు. "నా రైఫిల్ ఇచ్చెయ్."

"ఇవాళ…" అని ఆగిపోయింది ఆర్డిస్.

"చెప్పు చెప్పు. చెమట పడుతుందా?" లైల్ నవ్వాడు. "బాగా చెప్పావు నిన్న. నీల్స్ ఉంటే పొట్ట పట్టుకుని దొర్లేవాడు."

 ఇన్నేళ్ళుగా ఆర్డిస్ చేతికింద ఉన్న పనిముట్టు, నిన్న నలుగురిలో తనే విరిచేసింది.

"ఇవ్వను లైల్."

"ఇవ్వవూ?"

"ఇవ్వను. కానీని తీసుకురా, అప్పుడు చూద్దాం."

"నా తుపాకీకి మా ఆవిడ పూచీయా? నిన్న నువ్వే కదే చెప్పావు, నీకు హక్కు లేదని. మైకులో చెప్పావు." మాటలో కోపం లేదు. అదే ఆమెను భయపెట్టింది. అతను షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేశాడు, టైరు మార్చడానికి ఎవర్నో పిలిచినంత మామూలుగా.

పోలీసు డిప్యూటీ వచ్చేదాకా ఇద్దరూ కాఫీ తాగారు. ఏం చెయ్యాలో తెలియక ఆమే పోసింది. లైల్ భార్యకు ఆర్డిస్ చేసిన ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆవిడ పనిచేసే స్కూలు వంటశాలలో ఫోన్లు కోటు జేబుల్లోనే ఉండాలి. స్కూలు ఆఫీసుకు చేస్తే, చెబుతామన్నారు. లైల్ నీల్స్ గురించి ఒక పాత కథ చెప్పాడు, ఇద్దరూ మంచులో దారి తప్పిన రోజుది. తాగాక కప్పు తనే కడిగి, గుడ్డమీద బోర్లించాడు. ఎన్నేళ్ళుగానో ఆ బల్ల దగ్గర కాఫీ తాగుతున్నవాడు, ఎన్నడూ కప్పు కడిగిన పాపాన పోలేదు.

డిప్యూటీ ట్రెవర్, నీల్స్ అక్క కొడుకే. టోపీ చేతిలో పట్టుకుని, ఆమె కళ్ళలోకి చూడకుండా నిలబడ్డాడు.

"అత్తా, అది ఆయన సొత్తు."

"ఒక్క రోజు ఆగమను ట్రెవర్. నువ్వు అడుగు."

"లైల్ గారూ, ఒక్క రోజు ఆగుతారా?"

"ఆగను బాబూ."

"కోర్టు కాగితమేదీ లేదత్తా. ఇవ్వనంటే నీ మీదే కేసు రాయాలి. నాకు ఇంకో దారి లేదు."

"కప్పు కడిగాడురా," అంది ఆర్డిస్.

ట్రెవర్‌కు అర్థం కాలేదు. ఎలా అవుతుంది? ఏ జడ్జికి మాత్రం అవుతుంది? ఆమె బీరువా తాళం తీసింది. లైల్ తుపాకీ తీసుకుని, "థాంక్యూ ఆర్డిస్," అన్నాడు. బయట చలి విపరీతంగా ఉంది. ఇనుము మీద ఒక్క చుక్క కూడా పట్టలేదు. ట్రక్కు మలుపు తిరగ్గానే ఆమె ట్రెవర్‌ను వెనకే తరిమింది, తనూ బయల్దేరింది. లైల్ ఇంటి దారి పట్టలేదు.

ఖాళీ దొడ్డికి అవతల, పాత మేతభూమిలో మధ్యాహ్నానికి దొరికాడు.

తర్వాత జరిగింది రాజధానిలో. కొత్త వాక్యం ఉండి ఉంటే బతికేవాడని ఒక పక్షం. సభ పెట్టి ఊరి కట్టుబాటును బజారుకీడ్చకుండా ఉంటే బతికేవాడని ఇంకో పక్షం. రెండు వైపులా లైల్ ఫొటో ఒకటే, పెళ్ళిలో నవ్వుతున్నది. రెండు వైపులవాళ్ళూ ఆర్డిస్‌ను మళ్ళీ పిలిచారు. ఆమె ఫోన్ ఎత్తలేదు. డ్రై ఫోర్క్ ఆడవాళ్ళు దుప్పట్లు తేవడం మానేశారు. ఉన్న తుపాకుల్ని మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అక్కడికక్కడే పట్టుకుపోయారు. చెమట మాట ఆమె అనలేదు, వాళ్ళూ అనలేదు.

మంచు కరుగుతుండగా లైల్ భార్య కానీ వచ్చింది. చంకలో అదే దుప్పటి. షెరిఫ్ ఆఫీసు ఆ తుపాకీని వారసురాలికి అప్పగించింది, చట్టప్రకారం.

"సభ రోజు నేను వంటశాలలో ఉన్నాను," అంది. దుప్పటి కింద పెట్టలేదు. "హాల్లో అందరూ ఒక్కసారిగా నవ్వారు. లైల్ గొంతు కూడా గుర్తుపట్టాను. ఎన్నాళ్ళకో నవ్వాడని పిండిచేతులతోనే ఏడ్చాను. ఎవర్నడిగినా చెప్పట్లేదు. దేనికి నవ్వారు ఆర్డిస్?"

ఆర్డిస్ చెప్పింది. ప్రశ్నా, జవాబూ, నవ్వులూ, తనకు చెవులు వేడెక్కడం కూడా. ఏదీ తగ్గించలేదు.

 లైల్ భార్య దుప్పటిని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది.

"అది ఇక్కడ వదిలెయ్. చోటుంది," అంది ఆర్డిస్.

"ఎందుకు? ఇప్పుడిది నాదేగా," అందామె. తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆర్డిస్ ఏప్రన్ విప్పింది. కోస్తున్న మాంసం బల్ల మీదే వదిలేసి, కొట్టు మూసి, లైల్ భార్య ట్రక్కు వెనకే తన ట్రక్కు నడిపింది. ఎప్పుడూ వాళ్ళే ఆమె గుమ్మంలోకి వచ్చేవాళ్ళు, చెప్పడానికి ఆమె దగ్గర ఒక అబద్ధం ఉండేది. ట్వెట్ ఇంటి ముందు దిగి, ఏం చెప్పాలో తెలియకుండానే తలుపు తట్టింది. లోపల్నుంచి పలుకు రాలేదు. మళ్ళీ తట్టింది. తర్వాత మెట్టు మీద కూర్చుంది, తెరిచేదాకా లేవకూడదని.