నేను పుట్టినప్పటి బరువు

ఈ రోజు షుగర్ చూపించుకోవడానికి అమ్మను వెంటబెట్టుకుని కొండాపూర్‌లోని ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. పుట్టినప్పుడు నా బరువెంతని ఆమె అడిగింది. డెబ్బైల్లో ఇదే ఊళ్లో, ఇంట్లో పుట్టినవాణ్ని. అప్పుడు తూకం ఎవరు వేశారు గనక?

అమ్మ అందుకుంది. “పిల్లికూన లెక్క ఉండె డాక్టరమ్మా. బతుకుతడో లేదోనని అందరు పరేషాన్. బర్రెపాలు, నెయ్యి పోసి ఏడాదిల గుండ్రాయి లెక్క చేసిన.”

చిన్నగా పుట్టిన పిల్లల్ని అంత తొందరగా లావు చేస్తే పెద్దయ్యాక షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. అమ్మ ముఖం చిన్నబోయింది. కాసేపటికి తేరుకుంది.

“షుగర్ రావాల్నన్నా ముందు మనిషి బతకాలె గద.”

డాక్టరమ్మ నా మిఠాయిలు బంద్ చేసింది. మిమ్మల్ని ఏం పోసి పెంచారో మీ ఇంట్లో అడిగి చెప్పండి, నాకు తోడు కావాలి.