డెబ్బై కిలోల చిన్నదొర

ఆ రోజుల్లో మేము కూర్చునే తీరు చూస్తే, మా ఇంట్లో ఉన్నవి రెండే కుర్చీలని, అందులో ఒకదాని కాలి కింద ఇటుక పెట్టామని ఎవరూ ఊహించేవారు కాదు. వెన్ను వంచకూడదు. మాకు ఆస్తిగా మిగిలింది ఆ నియమం ఒక్కటే. ఊళ్ళో దొరల కోటలాంటి మా గడి పోయింది, భూములు పోయాయి, బగ్గీ పోయింది, దాన్ని లాగే గుర్రం అంతకంటే ముందే ముసలిదై తన దారిన తాను పోయింది. మేము వరంగల్‌లో ఒక పెంకుటింట్లో సగం వాటా అద్దెకు తీసుకుని, మా వెన్నులు మాత్రం గడి గోడల్లాగే నిలబెట్టుకుని ఉన్నాం. (గడి గోడలు అప్పటికే సగం కూలాయని మాకు తెలుసు. పోలిక మాత్రం మార్చుకోలేదు.) ఎనభైల మొదటి సంవత్సరాలవి. మాలో మిగిలింది ఇద్దరమే: మా నాయనను కన్న తల్లి, అంటే మా బాపమ్మ, ఇరవై రెండేళ్ళ నేను.

ఇంటి వెనక వీధిలో ఉన్న జిన్నింగు మిల్లులో నేను కాంటా దగ్గర గుమాస్తాను. నర్సంపేట వైపు నుంచి, పరకాల వైపు నుంచి పత్తి బోరాలు వచ్చేవి. హమాలీలు బోరాను కాంటా మీదికి దొర్లించి బరువు గట్టిగా పిలిచేవారు, నేను రాసుకునేవాణ్ణి. బాపమ్మ మాత్రం అడిగినవాళ్ళతో "మా పిల్లగాడు మిల్లు వ్యవహారాలు చూస్తాండు" అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మెడ ఇంకో అంగుళం పైకి లేచేది.

ఆ సంవత్సరం సంక్రాంతికి ముందు పాలమ్మ దగ్గర నుంచి కబురు వచ్చింది. పాలమ్మ అసలు పేరు నాకు చాలాకాలం తెలియదు. మా నాయన పుట్టినప్పుడు బాపమ్మకు జ్వరం వచ్చి పాలు లేకపోతే, ఆ నెలలోనే బిడ్డను కన్న ఆమె, గడికి వచ్చి మా నాయనకు కూడా పాలిచ్చి పెంచింది. అప్పటి నుంచి అందరికీ పాలమ్మే. ఇప్పుడు పరకాల రోడ్డు మీద పోయి, ఎడమకు తిరిగి, నాలుగు మైళ్ళు కంకర బాటలో పోతే వచ్చే పల్లెలో కొడుకు దగ్గర ఉంటోంది. ఆ కొడుకే వచ్చి గడప బయట నిలబడి చెప్పాడు. "అవ్వకు కండ్ల ముంగట పొర కమ్ముతాంది, దొర్సానమ్మా. దవాఖానల చూపిచ్చినం, ఇగ లాభం లేదన్నరు. మోకాళ్ళు పడిపోయినయి, తోల్కరాను రాదు. సూపున్నప్పుడే మీ మొకం ఒక్కసారి చూస్తనని పోరు పెడతాంది."

బాపమ్మ వెంటనే "వస్తనని చెప్పు" అంది. అని, ఆ తర్వాత నా వైపు చూసింది. ఎందుకంటే రెండేళ్ళ కింద ఆమె స్నానాల గది దగ్గర జారిపడి నడుముకు దెబ్బ తగిలించుకుంది. కుదుపు తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఒకసారి ధైర్యం చేసి బస్సు ఎక్కింది గానీ, రెండో స్టాపులోనే దిగి పది రోజులు మంచం మీద ఉంది. ఎడ్లబండి మాట చెప్పనక్కర్లేదు. కిరాయి కారు మా అందుబాటులో లేదు. (లేదని పైకి అనలేదు. "కిరాయి కార్లకు మర్యాద లేదు" అన్నాం.)

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. స్కూటర్లకు స్ప్రింగులున్నాయి, మోపెడ్లకు స్ప్రింగులున్నాయి, సైకిలుకు ఎందుకుండకూడదు? ముందూ వెనకా స్ప్రింగులు పెట్టి ఒక సైకిలు కట్టిస్తే, వెనక మెత్తటి సీటు మీద బాపమ్మను కూర్చోబెట్టుకుని పువ్వులా తీసుకుపోవచ్చు. భయపడుతూ ఆమెను అడిగాను, రిక్షానే ఎక్కని మనిషి కదా. "బగ్గీకి స్ప్రింగులుండె. రిక్షాకు లేవు. స్ప్రింగులున్నదంటే అది బగ్గీ జాతే. ఎక్కుత" అని తీర్పు చెప్పింది.

మిల్లు పక్కనే గ్యాస్ వెల్డింగు దుకాణం ఉండేది. దాని యజమాని ఎప్పుడూ కళ్ళకు నల్ల అద్దాలు పెట్టుకునే ఉండేవాడు కాబట్టి బజారంతా ఆయనను గాగుల్స్ మామ అనేది. నేను మాత్రం "మిస్త్రీ" అని పిలిచేవాణ్ణి. ఆయన తండ్రి ఒకప్పుడు మా గడికి వడ్లు కొలిచినవాడు. మామ నన్ను "చిన్నదొరా" అనేవాడు. అందులో మర్యాద ఎంత, ఎకసెక్కం ఎంత అన్నది ఆ అద్దాల వెనక కళ్ళు కనబడక నాకెప్పుడూ తేలలేదు.

నా ఆలోచన విని మామ నవ్వలేదు. సుద్దముక్క తీసుకుని దుకాణం నేల మీద బొమ్మ గీశాడు. వెనక చక్రానికి విడిగా ఒక చేయి, అది పెడళ్ళ ఇరుసు దగ్గర తలుపు మడతబందులా ఆడుతుంది, సీటు కింద రెండు స్ప్రింగులు దాన్ని మోస్తాయి. ముందు చక్రానికి మోపెడు తరహాలో ఇంకో రెండు. "దుకాణంల దొరికే ఫ్రేము పనికిరాదు. పైపులు మనమే కోసి కట్టాలె. మంచి ఉక్కు పైపు కావాలె" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే బాపమ్మ వెంటనే తన ఇనుప పందిరి మంచం చూపించింది. గడి నుంచి మాతో వచ్చిన సామానంతా పోగా మిగిలింది అదే. "పందిరి ఊడదీసుకపోర్రి. దోమలకు నా మర్యాదతోటి పనిలేదు."

పైపులు దుకాణానికి చేరాక మామ అడిగాడు. "స్ప్రింగు ఎంచాలంటే బరువు తెల్వాలె. చిన్నదొరా, మీ బరువెంత?"

ఇక్కడ పాఠకులు నన్ను క్షమించాలి. మా ఇంట్లో గోడకు ఒక పాత ఫోటో ఉండేది. అందులో మా తాతా, ఆయన తమ్ముడూ ఒక సోఫా నిండా కూర్చుని ఉంటారు. ముగ్గురు పట్టే సోఫా అది. ఆ వంశంలో పుట్టి, రోజంతా లోకం బరువులు రాసే నేను, ఎదురుగా నిలబడ్డ వెల్డింగు మిస్త్రీతో నా నిజమైన బరువు ఎలా చెప్పను? "తిండి తింటలేరా?" అని ఆయన అడగడు. కానీ అనుకుంటాడు.

"డెబ్బై" అన్నాను.

నల్ల అద్దాలు నా తల నుంచి చెప్పుల దాకా ఒకసారి దిగి, మళ్ళీ పైకి ఎక్కాయి. "డెబ్బయ్యా?"

"డెబ్బై."

"దొర్సానమ్మ?"

"అరవై" అన్నాను. ఆడవాళ్ళ విషయంలో కొంత తగ్గించడం మర్యాద అనిపించింది.

"మంచిది. మాట మీది, స్ప్రింగు నాది" అన్నాడు మామ.

పని నెలన్నర పట్టింది. ఆదివారాలు పూర్తిగానూ, మిగతా రోజుల్లో మిల్లు వదిలాకానూ నేను అక్కడే ఉండేవాణ్ణి. మామ పైపులు కోసి, కొసలు ఒకదానికొకటి అతికేలా ఆకురాయితో రాయమని నాకిచ్చేవాడు. నేను నిలబడి, వెన్ను నిటారుగా పెట్టి, చేతులు చాచి రాసేవాణ్ణి. మూడు రోజులు చూసి మామ అన్నాడు: "చిన్నదొరా, కోపం చేసుకోకుర్రి. నడుం వంచకుంట ఆకురాయి పట్టుడు ఎవ్వలకూ రాలే. జర కూసోర్రి." దుకాణం నేల మీద గొంతుక్కూర్చున్నాను. ఆ రోజు ఇంటికి పోయే ముందు ప్యాంటు మోకాళ్ళు దులుపుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే పని బాగా సాగింది. తర్వాత పైపుల అతుకుల్లోకి కరిగిన ఇత్తడి పాకుతుంటే చూడడం అలవాటైంది. చక్రం ఎగిరినప్పుడల్లా చైను ఊడి పడుతుంటే, వెనక చేయి ఆడే మడతను ఇరుసుకు ఇంకా దగ్గరగా జరిపాం. ఆ "జరిపాం" అనే మాట అనడానికి నాకు అప్పట్లో ఎంత గర్వంగా ఉండేదో.

చివరికి సైకిలు తయారైంది. నల్ల రంగు, నాలుగు స్ప్రింగులు, వెనక పరుపు కుట్టిన సీటు, కాళ్ళు పెట్టుకోవడానికి పలక. బజారంతా చూడడానికి వచ్చింది. నేను రాజసంగా ఎక్కి, మా వీధిలోని మొదటి రాయి మీదికి తోలాను. పళ్ళు టకటకమన్నాయి. స్ప్రింగులు గుడి స్తంభాల్లా నిలబడి ఉన్నాయి, వెంట్రుకవాసి కూడా దిగలేదు. ఎదురు పాన్‌డబ్బా అతను "సారూ, గా స్ప్రింగులు షోకుకు పెట్టిచ్చిండ్రా?" అని అడిగాడు. వెనక మనిషి కూర్చుంటే దిగుతాయిలే అని నేను బాపమ్మను ఎక్కించుకున్నాను. పది గజాలు పోలేదు, చిన్న గుంత వచ్చింది. నా చొక్కా వెనక నుంచి ఆమె పిడికిట్లో బిగుసుకుంది.

"దించు" అంది మెల్లగా. దించాను. గోడ పట్టుకుని ఇంటి గడప దాకా నడిచి, వెనక్కి తిరగకుండానే అంది. "పోనీ తీయి. పాలమ్మకు కబురు చెయ్యి, నేను రాలేనని."

ఆమె అలా వెన్ను నిటారుగా పెట్టుకుని లోపలికి పోతుంటే చూడలేకపోయాను.

మా వెనకే వచ్చిన మామ అద్దాలు తీశాడు. ఆయన కళ్ళు చూడడం నాకు అదే మొదటిసారి, మెత్తటి కళ్ళు. "అతుకు తప్పలే, మడత తప్పలే, స్ప్రింగు తప్పలే" అని గడప దగ్గరే నిలబడి, లోపలికి వినబడేలా అన్నాడు. "ఇగ తప్పెటందుకు మిగిలింది ఒక్కటే. మీరు చెప్పిన బరువు. ఇద్దరు కాంటా ఎక్కుర్రి, చిన్నదొరా."

"మా బాపమ్మ బోరాల కాంటా ఎక్కాల్నా?" అని నేను మండిపడ్డాను. (అబద్ధం చెప్పినవాడికి కోపం త్వరగా వస్తుంది.)

లోపలి నుంచి బాపమ్మ మళ్ళీ బయటికి వచ్చింది. "గడిల కాంటా ముంగట మంది పొద్దంత నిలబడుతుండె. నేను పరదా ఎనకనుంచి చూస్తుంటి" అంది, నాతో కాదు, మామతో. "ఒక్కపూట నేను నిలబడితే ఏం పోతది? పా."

మామ దగ్గరికి వచ్చాడు. చేయి ఇచ్చి నడిపించాడు.

మిల్లులో పని ఆగిపోయింది. నా తోటి గుమాస్తాలు, రైతులు, హమాలీలు చుట్టూ మూగారు. బాపమ్మ చెప్పులు విడిచి, కొంగు భుజం మీదుగా లాక్కుని, సింహాసనం ఎక్కినట్టు కాంటా ఎక్కింది. పెద్ద హమాలీ అలవాటు కొద్దీ బోరాను పిలిచినట్టే రాగం తీసి పిలిచాడు.

"ముప్పయ్యారూ!" ఆ వెంటనే అదే అలవాటులో నా వైపు తిరిగి, "తరుగు తియ్యాల్నా, సారూ?"

తడి పత్తికి బరువులో కొంత కోత వేస్తారు, అదీ తరుగు. వాడు నాలుక కరుచుకునేలోపే బాపమ్మ కాంటా మీది నుంచి అంది. "తియ్యకురా కొడుకా. తీస్తే ఇగ మిగిలేదేం లేదు."

ముందు ఎవరూ నవ్వలేదు. ఆమె నవ్వాక అందరూ నవ్వారు. తర్వాత నేను ఎక్కాను. "నలభై ఎనిమిదీ!" అన్న కేక మిల్లు రేకుల కప్పుకు తగిలి మళ్ళీ నా నెత్తిన పడింది.

"ఇద్దరు కలిసి ఎనభై నాలుగు" అన్నాడు మామ. "మీరు నూట ముప్పై అంటిరి. తక్కిన నలభై ఆరు కిలోలు ఎటు పోయినయి, చిన్నదొరా?"

నేను కాంటా దిగి చెప్పులు వెతుక్కున్నాను. బాపమ్మే చెప్పింది. "అవి మా గడివి, నాయినా. వీడూ నేనూ ఇంక మోసుకుంటనే తిరుగుతానం."

మామ ఆ సాయంత్రమే గట్టి స్ప్రింగులు విప్పి మెత్తటివి బిగించాడు. మర్నాటి పొద్దున, ఎండ ముదరకముందే బయలుదేరాం. మామ పానాల సంచీ తగిలించుకుని తన మామూలు సైకిలు మీద వెనకే వచ్చాడు. కంకర బాట మొదలైంది. సైకిలు ఒకసారి మెల్లగా కిందికి దిగి, మెల్లగా పైకి లేచింది. మళ్ళీ దిగింది, మళ్ళీ లేచింది. నా చొక్కా పట్టుకున్న పిడికిలి వదులైంది. కాసేపటికి వెనక నుంచి, "బగ్గీ ఇంకొంచెం గడగడలాడుతుండె" అన్న మాట వినిపించింది. అంతకు మించిన మెచ్చుకోలు మా ఇంట్లో లేదు. చిన్న మిట్ట వచ్చింది. నిటారుగా కూర్చుని తొక్కితే కదలలేదు. హ్యాండిలు మీదికి పూర్తిగా వంగాను.

"ఎనక మేం చూస్తలేం, వంగు వంగు" అంది బాపమ్మ.

పాలమ్మ మంచాన్ని కొడుకు వాకిట్లో వెలుతురులోకి తెచ్చి వేశాడు. బాపమ్మ ఎదురుగా కూర్చుంది. పాలమ్మ ఆమె గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, తనకు మిగిలిన చూపు ఎక్కడ ఆనుతుందో అక్కడ ఆపి, చాలాసేపు చూసింది.

"గింత ఎండిపోతివేంది, దొర్సానమ్మా?"

"ముప్పయ్యారు" అంది బాపమ్మ దర్జాగా. "తరుగు తియ్యకుంట."

"బరువు చూసిండ్రా నిన్ను!" అని పాలమ్మ పడీ పడీ నవ్వింది. తర్వాత నన్ను దగ్గరికి రమ్మంది. ఆమెకు అందేలా మంచం పక్కన నేల మీద కూర్చుని తల వంచాను. నా ముఖం మీద చెయ్యి వేసి, "పెద్దోని నొసలే" అంది. పెద్దోడంటే మా నాయన. ఆమె కన్న కొడుకు ఆయన తర్వాత పదిరోజులకు పుట్టాడట. అందుకని మా నాయన ఆమెకు పెద్దోడు, పక్కనే నిలబడ్డ అతను చిన్నోడు. గడి పేరు చెప్పుకుని ఇరవై రెండేళ్ళు పెరిగిన వెన్ను నాది, ఈ వరస మాత్రం నాకెవరూ చెప్పలేదు.

తిరిగి వస్తుంటే దారిలో ఒక నట్టు వదులైంది. మామ దిగి పానా అందుకుని, "గా చక్రం జర పట్టు, బిడ్డా" అన్నాడు. చిన్నదొరా అనలేదని ఆయన గమనించాడో లేదో తెలియదు. "పట్టిన మామా, బిగించు" అన్నాను నేను.

మొన్న దవాఖానకు పోతే నర్సమ్మ చీటీ రాస్తూ బరువెంత అని అడిగింది. "డెబ్బై" అన్నాను. ఆమె నా వైపు అనుమానంగా చూసి మిషను ఎక్కమంది. చెప్పులు విడిచి, వెన్ను నిటారుగా పెట్టుకుని ఎక్కాను. సరిగ్గా డెబ్బై. ఆనాడు చెప్పిన మాట నిలబెట్టుకోవడానికి నలభై ఏళ్ళు పట్టింది. తరుగు తియ్యాల్నా అని ఎవరైనా అడుగుతారేమోనని ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాను. "అయింది, దిగండి" అంది నర్సమ్మ. కమ్మీ పట్టుకుని, నడుము వంచి, జాగ్రత్తగా దిగాను.