కుక్కతో కాలువ గట్టు మీద

బాన్సువాడ చుట్టుపక్కల కుక్కతో నడవడానికి కాలువ గట్టును మించిన దారి లేదు. ఎక్కడం లేదు, దిగడం లేదు. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు వరి, మధ్యమధ్య ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డ కొంగలు. దారి తప్పుదామన్నా వీలుకాదు.

కుక్క మాది కాదు. పెద్ద కొడప్‌గల్‌లో ఉండే మా బావది, అంటే అక్క భర్తది. పాత ఇల్లు విప్పి కొత్తది కడుతున్నామని, నెల రోజులు ఉంచుకోమని వదిలి వెళ్లాడు. ఇల్లు పూర్తయ్యేసరికి ఏడాది పట్టింది. ఈ ఆలస్యం గురించి నేను ఎక్కడా ఫిర్యాదు చేయలేదు.

రోజూ నడవమని డాక్టరు నాకు అంతకుముందే చెప్పాడు. ఆయన మాటను చాలా గౌరవించాను. నడక మాత్రం మొదలుపెట్టలేదు. కుక్క వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. తెల్లారగానే వచ్చి, మంచం పక్కన కూర్చుని, నా మొహంలోకి చూసేది.

మొన్న బావ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. "ఇల్లయింది. ఇగ దీన్ని తీస్కపోత" అన్నాడు చాయ్ తాగుతూ. మంచిదే అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి కొంచెం టైం పట్టింది. ఆటో అతను టిఫిన్ చేసి వచ్చేలోపు ఒకసారి తిప్పుకొద్దామని ముగ్గురం గట్టెక్కాం.

గడ్డిమోపుతో ఎదురొచ్చిన అవ్వ మమ్మల్ని చూసి ఆగింది. "ఏంది బిడ్డా, ఇయ్యాల కుక్కకు ఇద్దరు నౌకర్లా?"

కల్వర్టు దగ్గరికి రాగానే, ముందు నడుస్తున్న కుక్క సిమెంటు దిమ్మె పక్కన కూర్చుంది. బావ పిలిచాడు. కదలలేదు.

"ఏమైందిరా దీనికి? కాలు నొస్తుందా?"

"కాలు మంచిగనే ఉంది బావా."

"మరి గిట్ల కూసున్నదేంది?"

"రోజూ నేను గీడ కూసుంట. ఆయాసమొస్తది."

కుక్క నా వైపే చూస్తోంది. చేసేదిలేక దిమ్మె మీద కూర్చున్నాను.

"దీన్ని తీస్కపోతే రేపు నడుస్తవా?" అన్నాడు బావ.

నడుస్తానని చెబుదామనుకున్నాను. డాక్టరుకు అదే చెప్పేవాణ్ణి.

"నడువ" అన్నాను.

బావ వచ్చి దిమ్మె మీద నా పక్కన కూర్చున్నాడు. "మీ అక్క అడుగుతే ఏం చెప్పాలె?"

"నా పానం మంచిగ లేదని చెప్పు."

"గది ఆమెకెరుకే. కుక్కేదని అడుగుతది."

తిరిగొచ్చాక ఖాళీ ఆటో ఎక్కుతూ, "ఐతారమైతారం వచ్చి చూసిపోత" అన్నాడు. ఎవర్నో చెప్పలేదు.