ఇక అడగొద్దని చెప్పాను

ఒక్క లైనులో అయ్యే పనికి పది లైన్లు రాసేవాళ్ళంటే ఆ రోజుల్లో నాకు జాలి. డిగ్రీ అయి, ఉద్యోగం రాక, నరసరావుపేటలో మావయ్య ఫోటో స్టూడియోలో కూర్చున్న కాలమది. కెమెరా కార్డుల్లోని పెళ్ళి ఫోటోలను కంప్యూటర్లోకి ఎక్కించే ప్రోగ్రాం రాస్తానని ముందుకొచ్చాను (ఎవరూ అడగలేదు). ఫైళ్ళు కాపీ చేయడానికి రెండు దారులున్నాయి. ప్రోగ్రాం భాషతో పాటు వచ్చే లైబ్రరీ ఫంక్షన్ వాడితే ఒక్కో ఫైలుకీ తిరిగే లూపు మనమే రాయాలి, తప్పొస్తే ఏం చేయాలో కూడా చెప్పాలి. సిస్టమ్ కమాండుకి అప్పజెబితే ఫోల్డరంతా ఒక్క దెబ్బకి వచ్చేస్తుంది. నేను రెండోదే ఎంచుకున్నానని వేరే చెప్పాలా? పరీక్షించడానికి అవే ఫోటోలు మళ్ళీ మళ్ళీ కాపీ చేస్తుంటే, 'ఈ పేరుతో ఫైలుంది, దాని మీదే రాయనా?' అని కమాండు ఊరికే అడిగేది. విసుగొచ్చి, ఇక అడగకుండా రాసేయమనే స్విచ్ ఆ కమాండు చివర తగిలించాను.

మా వైపు పెళ్ళిళ్ళలో ఆడపెళ్ళివారికో కెమెరా, మగపెళ్ళివారికో కెమెరా ఉంటాయి. రెంటచింతల పెళ్ళికి రెండూ మావయ్యవే. ఆల్బంకి ఫోటోలు ఏరుకోవడానికి పెళ్ళికూతురి బాబాయి వచ్చాడు. స్క్రీన్ మీద ఎటు చూసినా మగపెళ్ళివారే. చివర్లో మాత్రం అప్పగింతలు.

"ఏందబ్బాయ్ ఇది? మా వాళ్ళు ఏడవడానికే వచ్చినట్టుందే! మంచాన పడ్డ మా అమ్మ మనవరాలి కోసం లేచొచ్చి పందిట్లో ఫోటో దిగింది. అదేది? మళ్ళీ దిగమంటే ఎట్టా దిగుద్ది?"

నాకు భయాన్ని మించి ఆశ్చర్యం. ఒక్క ఎర్రరూ రాలేదే, ఎటు పోయినట్టు? ఫైళ్ళ పేర్లు చూశాక అర్థమైంది. రెండు కెమెరాలూ ఒకటో నంబరు నుంచే పేర్లు పెట్టుకుంటూ వచ్చాయి. అన్నీ ఒకే ఫోల్డర్లోకి పోవడంతో, తర్వాత ఎక్కించిన మగపెళ్ళివారి ఫోటోలు అదే పేరున్న ఆడపెళ్ళివారి ఫోటోలను చెరిపేసి వాటి చోట కూర్చున్నాయి. ఆడపెళ్ళివారి కెమెరా ఎక్కువ తీసింది కాబట్టి, ఆ చివరి ఏడుపులు బతికిపోయాయి.

"ఆడపెళ్ళివారి కార్డు చెరిపేశావా మావయ్యా?" అన్నాను.

"ఆల్బం చేతికిచ్చిందాకా నేను చెరపను. నిన్ను నమ్ముకుంటే ఎట్టరా!" అంటూ సొరుగులోంచి తీసిచ్చాడు.

అక్కడే కూర్చుని లైబ్రరీ ఫంక్షన్‌తో తిరగరాశాను. అది మొదటి ఫైలు దగ్గరే 'ఈ పేరుతో ఫైలుంది' అని మొండికేసి ఆగిపోయింది. ఎర్రర్ చూసి అంత సంతోషపడటం నాకదే మొదలు.

"ఆగిపోతే నవ్వుతావేందబ్బాయ్?" అన్నాడు బాబాయి.

ఇరుపక్షాలకీ వేరువేరు ఫోల్డర్లు ఇచ్చాక స్క్రీన్ మీదికి మామ్మ వచ్చింది, పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని, బోసినోటితో నవ్వుతూ. బాబాయి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "దీన్ని పెద్దది చేసియ్యి" అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు ఒక్క ఫైలు కదపాలన్నా డాక్యుమెంటేషన్ అంతా చదివి, ముందొక నకలు తీసి, అప్పటికీ తటపటాయిస్తాను. స్టూడియోలో కాలు మీద కాలేసుక్కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. అంత ధైర్యంగా ఎంటర్ కొట్టడం నాకిప్పుడు చేతకాదు.