మిల్లు బెల్లం

మా పెద్దక్క పోయింది. మొన్న ఆదివారం పొద్దున ఆమె కోడలు మా గుమ్మంలో నిలబడి, "ప్లీడరుగారూ, అత్తయ్య పోయిందండీ" అంది. నాకు సొంత అక్క కాదు. గుంటూరు పత్తి మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లందరికీ పెద్దక్క, ఆమె కేసు వాదించిన నాకూ అంతే. ఇవాళ్టికీ లేబర్ కోర్టులో ఎవరో ఒక ప్లీడరు ఆ కేసు ఎత్తుతూనే ఉంటాడు. మీలో కొందరైనా అక్కడ ఆమె పేరు వినే ఉంటారు. మనిషిని మాత్రం చూసి ఉండరు.

పత్తి మిల్లు ఏడాది పొడుగునా నడవదు. వేసవిలో సీజను కట్టేసే రోజున మేస్త్రీ గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి చేతిలో బెల్లం ముక్క పెడతాడు. వచ్చే సీజనుకు మళ్లీ రావాలని దానర్థం. కాగితం లేదు, సంతకం లేదు.

నేను నల్లకోటు వేసిన కొత్తలో, అలా బెల్లం తీసుకున్న వేసవిలోనే పెద్దక్క ముందుండి సంఘం పెట్టింది. దూది దుమ్ముకు దగ్గి దగ్గి ఊపిరాడక పెట్టింది. మళ్లీ పత్తి గింజలు తీసే జిన్నులు తిరిగే వేళకు సంఘంలో చేరినవాళ్లెవరికీ పిలుపు రాలేదు.

"తీసెయ్యలేదండీ, పిలవలేదంతే" అని నవ్వాడు యజమాని తరఫు ప్లీడరు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పాత రూలింగులన్నీ తిరగేశాను. అన్నీ ఏడాదంతా నడిచే ఫ్యాక్టరీలవే.

బోనులో పెద్దక్కను అడిగాడాయన, "నువ్వు పనిలో ఉన్నట్టు రుజువేంటమ్మా?"

"బెల్లం పెట్టారయ్యా."

"ఏదీ ఆ బెల్లం?"

"తినేశానయ్యా. బెల్లం ఎవరన్నా దాచుకుంటారా?"

కోర్టంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

తర్వాత యజమాని సాక్షిగా మేస్త్రీ వచ్చాడు. నేను ఒక్కటే అడిగాను. "మళ్లీ రానక్కర్లేదు అనుకున్న మనిషికి ఎప్పుడన్నా బెల్లం పెట్టావా?" అతను యజమాని వైపు చూశాడు, పెద్దక్క వైపు చూశాడు. "అట్టా పెడితే పాపం కదండీ. ఎప్పుడూ పెట్టలేదు" అన్నాడు.

గెలిచాం. సీజను కూలికైనా పిలుపు హక్కేననీ, సంఘం పెట్టినందుకు పిలవకపోవడమంటే పనిలోంచి తీసెయ్యడమేననీ తీర్పొచ్చింది. వెంటనే హైకోర్టులో స్టే తెచ్చారు. ఏళ్లు గడిచాయి. పెద్దక్క మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయింది. వేళ్లు పగిలి, అన్నం కలుపుకుంటే మండేవి. చివరికి హైకోర్టు కూడా మా తీర్పునే ఖాయం చేసింది.

పరుగున వెళ్లి చెప్పాను. "అయితే రేపు పనిలోకి పోవచ్చా ప్లీడరుబాబూ?" అంది. అప్పటికి మిల్లు మూసేసి, జిన్నులు అమ్మేసి, గేటుకు తాళం వేశారు. ఆ సంగతీ నేనే చెప్పాల్సొచ్చింది.

ఆ తీర్పు చూపించి పర్చూరులో సీజనుకు ఆకు ఏరే పొగాకు కొట్లలో ఆడవాళ్లను మళ్లీ పనిలోకి తీసుకునేలా చేశాను. అద్దంకి మిల్లులోనూ అంతే. ఆ మాట చెబితే, "పోన్లే, వాళ్లకన్నా పిలుపొచ్చింది" అంది. మళ్లీ తనే, "నాక్కూడా వచ్చుంటే బాగుండేది" అంది. ఆ రెండో మాటే నన్ను వదలడం లేదు. ఏటా సీజను మొదలై పక్క మిల్లు కూత వినపడగానే తల దువ్వుకుని, కొంగు బిగించి, గడపలో కూర్చునేదట. కోడలు నవ్వితే, "అలవాటు లేవే" అనేదట.

ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి, కబురంది అద్దంకి మిల్లు ఆడవాళ్లు బస్సు దిగి వస్తున్నారు. ముందురోజే వాళ్ల సీజను కట్టేశారు. జుట్టులో ఇంకా దూది ఉంది. వాళ్లలో పెద్దావిడ కొంగుముడి విప్పి, తనకు పెట్టిన బెల్లం ముక్క తీసి పెద్దక్క చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

పాడె ఎత్తేముందు ఎవరో అది తీసెయ్యబోయారు. "ఉండనియ్యండి" అంది కోడలు. పగిలిన ఆ వేళ్ల సందుల్లోకి అప్పటికే చీమలు పాకుతున్నాయి.