ఓడినవాళ్ళ గరిటె

ఆగస్టు ప్రైమరీ రోజున బడి మెట్ల మీద వైలీ నేపియర్ మా అన్న లూథర్ పొట్టలోకి తుపాకీ పేల్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. రక్తం నా చొక్కా మీద కూడా పడింది. జిల్లా పోలీసు పెద్ద అయిన షెరీఫ్ పదవికి మా పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చుకోవడానికి ఆ రోజు మాలో మేమే ఓట్లేసుకుంటున్నాం. అవతలి పార్టీవాడు ఒక్కడు కూడా ఆ చుట్టుపక్కల లేడు. మమ్మల్ని చంపడానికి పరాయివాళ్ళు రావాల్సిన అవసరం మాకు ఎప్పుడూ పడలేదు.

టికెట్ కోసం పోటీ పడినవాళ్ళు ఇద్దరు. మా పై వాగు మనిషి క్రీడ్ హెన్స్లీ, కింది వాగు మనిషి బాలర్డ్ నేపియర్. బాలర్డ్ తమ్ముడే ఈ వైలీ. దొంగ ఓట్లు పడకుండా చూడమని లూథర్‌ని గుమ్మం దగ్గర నిలబెట్టాం. మధ్యాహ్నం వైలీ పూటుగా తాగి, ఒక తాగుబోతుని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"వీడు పొద్దునే వేశాడు కదరా వైలీ," అన్నాడు లూథర్ నవ్వుతూ. "కావాలంటే మీ తాత పేరు మీద వేయించు. ఆయన పోయి చాలా కాలమైంది, ఏమీ అనుకోడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వైలీకి ఆ నవ్వు పడలేదు. బడి వెనకాల ఓటర్లకి కాఫీ కాస్తున్న మా వదిన డెల్ఫీ చప్పుడు విని పరుగెత్తుకొచ్చింది. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి అన్న పొట్టకి అదిమి పట్టింది. ఆ గుడ్డ తడిసి కారడం మొదలుపెట్టాక కూడా చేతులు తియ్యలేదు. డాక్టరు వచ్చేసరికి ఆమె ఒళ్ళోనే అన్న ప్రాణం పోయింది.

ఆ సాయంత్రానికి బాలర్డ్ గెలిచాడని తేలింది.

అప్పుడు షెరీఫ్‌గా ఉన్నవాడు బొగ్గు కంపెనీ మనిషి. వైలీని పట్టుకోమని అడగడానికి వెళ్తే, కుర్చీలోంచి లేవకుండానే, "మీ పార్టీలో మీరూ మీరూ చంపుకుంటే మధ్యలో నేనెందుకు?" అన్నాడు. వాడి తర్వాత ఆ కుర్చీ కోసం కంపెనీ నిలబెట్టినవాడు గార్లాండ్ పైన్. నవంబరులో బాలర్డ్ ఢీకొనాల్సింది ఆ పైన్‌నే.

పై వాగులో మేమందరం ఒట్టేసుకున్నాం, బాలర్డ్‌కి ఒక్క ఓటు కూడా పడకూడదని. కొందరు ఇంట్లో కూర్చుంటామన్నారు. కొందరు కావాలని పైన్‌కే గుద్దుతామన్నారు. నేను రెండో రకం. ఇప్పుడు అడిగినా, ఆ కోపంలో తప్పుందని నేను ఒప్పుకోను.

డెల్ఫీ వదిన గురించి చెప్పాలి. చెయ్యెత్తు మనిషి, మాట కత్తి. తండ్రి గని కప్పు కూలి చచ్చిపోయాడు, శవం కూడా చిక్కలేదు. పెళ్ళి కాని గని కూలీలకి ఇంట్లో వండి పెట్టి సంసారం నడిపింది. సమ్మె చేసిన చలికాలంలో కంపెనీ తుపాకీ మనుషులు మా ఇళ్ళు ఖాళీ చేయించడానికి వచ్చారు. వాళ్ళ ఛాతీల మీద షెరీఫ్ ఇచ్చిన పోలీసు బిళ్ళలున్నాయి కాబట్టి అడ్డొస్తే జైలు. మంచం, పెట్టెలు, ఉయ్యాల, అన్నీ మంచులోకి విసిరేశారు. వదిన పొయ్యి మీది గిన్నె తీసి, మసులుతున్న చిక్కుడు గింజలు ఒకడి మొహాన కొట్టింది. వాడి కన్ను పోయింది. కానీ ఆ రాత్రి మంచులో పడుకున్న ఆమె చంటిపిల్లకి జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగింది. పిల్ల దక్కలేదు. ఆ బిళ్ళలు ఎవరు ఇస్తారో, ఎవరు పీకేస్తారో అన్నది ఆమెకి రాజకీయం కాదు.

ప్రైమరీ అయ్యాక, ఆకులు రంగు మారే వేళకి మా పార్టీ విందు. ఓడినవాళ్ళు వండాలి, ఓడినవాళ్ళే వడ్డించాలి. గెలిచినవాడు అందరికంటే ముందు గిన్నె పట్టుకుని వాళ్ళ గరిటె కింద నిలబడాలి. వాడు తిన్నాక ఓడినవాళ్ళు తింటారు. అంతటితో కక్ష చెల్లిపోయినట్టు. పొయ్యి వెలగలేదంటే కక్ష అలాగే ఉన్నట్టు. పై వాగు తరఫున గరిటె ఎప్పుడూ డెల్ఫీదే. ఆమె వెలిగిస్తేనే మావాళ్ళు వస్తారు.

విందుకి ముందు ఆమె ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని గింజల్లో రాళ్ళు ఏరుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ గింజలు ఎవరికి?"

"తినేవాళ్ళకి."

"వదినా, నువ్వు వాళ్ళకి పొయ్యి వెలిగిస్తే నేను జన్మలో నీ గడప తొక్కను."

"తొక్కకు. నీ బూట్ల బురద కడగలేక చస్తున్నాను."

"అన్న రక్తం ఇంకా ఆ మెట్ల మీద నుంచి పోలేదు, తెలుసా నీకు?"

"నాకు చెప్తున్నావా హోబ్? కడిగింది నేను." ఒక రాయి తీసి పెరట్లోకి విసిరింది. "పైన్ గెలిస్తే ఎవరికి బిళ్ళలిస్తాడు? నా పిల్లని మంచులో పడేసినవాళ్ళకి. మీ అన్నని చంపినవాడు ఒక్కడు. వాళ్ళు ఊరికో గుంపు. నీ కోపం కోసం నేను వాళ్ళకి తలుపు తియ్యనా?"

"అయితే వైలీకి కూడా వడ్డిస్తావా?"

ఆమె ఇంకో రాయి ఏరి పెరట్లోకి విసిరింది.

విందు రోజు బడి పక్క మైదానంలో రెండు వాగుల జనం రెండు పక్కల నిలబడ్డారు. అందరి కోట్ల కిందా తుపాకులే. పిల్లల్ని ఎవరూ తీసుకురాలేదు. బాలర్డ్ గిన్నె పట్టుకుని వచ్చాడు. మాటకారి కాడు, బండమనిషి. వెనక బల్ల మీద వాళ్ళమ్మ, ముసలి సిబ్బీ, కూర్చుని ఉంది. ఆమె పక్కన చెట్టుకి ఆనుకుని వైలీ పళ్ళు కుట్టుకుంటున్నాడు.

వదిన గరిటె నిండా ముంచింది. గిన్నెలో మాత్రం పొయ్యలేదు.

"బాలర్డ్, ఒక్క మాట చెప్పి తిను."

"అడుగు చెల్లెమ్మా."

"బిళ్ళ పెట్టుకున్న రోజు మొట్టమొదట ఎవర్ని పట్టుకుంటావు?"

నా చెయ్యి కోటులోకి పోయింది. ఎదుటివాళ్ళ చేతులూ కోట్లలోకి పోయాయి. బాలర్డ్ తల తిప్పి తల్లిని చూశాడు. సిబ్బీ తన మోకాళ్ళ వైపు చూసుకుంటోంది.

"వైలీని," అన్నాడు.

వైలీ పగలబడి నవ్వాడు. "ఓట్ల కోసం మా అన్న నన్నే కాదు, మా అమ్మని కూడా పట్టుకుంటానంటాడు."

వదిన గరిటె వంచింది. బాలర్డ్ తిన్నాడు. తర్వాత మేం తినాలి. నేను ఆ గిన్నె విసిరికొడదామనుకున్నాను. కానీ వదిన నా కళ్ళలోకే చూస్తూ నిలబడింది. తిన్నాను. వైలీ కూడా నవ్వుతూ గిన్నె పట్టుకుని వస్తే ఆమె గరిటె కుండలో వదిలేసి చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. వాడే ముంచుకుని తిన్నాడు.

నవంబరులో ఓటేసే చోటికి వెళ్ళే వంతెన మీద కంపెనీవాళ్ళు రైఫిళ్ళతో అడ్డంగా నిలబడ్డారు. మా మగవాళ్ళం ఇంకా తటపటాయిస్తుంటే వదిన ఆడవాళ్ళని వెంటేసుకుని నడిచింది. ఒకడు రైఫిలు తిరగేసి దాని మడమతో ఆమె నోటి మీద కొట్టాడు. ముందు పళ్ళు ఊడి వంతెన చెక్కల మీద పడ్డాయి. ఆమె రక్తం ఉమ్మేసి, వాడిని పక్కకి నెట్టి, ముందుకి పోయింది. అప్పుడు మాకు పిచ్చెక్కింది. పారల కర్రలు పట్టుకుని వాళ్ళ మీద పడ్డాం. ఆమెని కొట్టినవాడి మోచెయ్యి నేనే విరగ్గొట్టాను. అది విరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం. ఇద్దరు వాగులో పడి కొట్టుకుపోయారు. మాలోనూ ఒకడు లేవలేదు. బడిలోకి వెళ్ళేసరికి వదిన దవడ వాచి నీలంగా ఉంది. పేరు అడిగితే చెప్పలేకపోయింది. వెనకున్న నేను చెప్పాను.

పై వాగు ఓట్లన్నీ బాలర్డ్‌కే పడ్డాయి. వాటితోనే గెలిచాడు.

జనవరిలో బిళ్ళ పెట్టుకున్న పొద్దున బాలర్డ్ నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"పై వాగు మనిషి ఒకడు నాతో రావాలి. తర్వాత ఎవరూ మాట అనకూడదు."

నేను వెళ్ళాను. సిబ్బీ ఇంట్లో వైలీ పాలల్లో మొక్కజొన్న రొట్టె నలుపుకుని తింటున్నాడు.

"లేవరా వైలీ."

"తిండి కూడా తిననివ్వవా అన్నా?"

"తిను. తిన్నాక పోదాం."

ఉరి తప్పించి జైలు పడేలా జడ్జితో మాట్లాడతానని కూడా బాలర్డ్ చెప్పాడు. వైలీ బుద్ధిమంతుడిలా తల ఊపి, తినడం ముగించి, మూతి తుడుచుకున్నాడు. మరుక్షణం బల్ల కింది నుంచి పేల్చాడు. గుండు బాలర్డ్ భుజాన్ని చీల్చుకుని గోడలో దిగింది. బాలర్డ్ రెండో చేత్తో కాల్చాడు. వైలీ గొంతు తెగిపోయింది. మొహం గిన్నెలో వాల్చి కాళ్ళు కొట్టుకుంటూ పోయాడు. మిగిలిన పాలు ఎర్రగా బల్లంతా పారాయి. పక్కనే ఉన్న సిబ్బీ ముందుకొచ్చింది. కొడుకు తల గిన్నెలోంచి ఎత్తి, తన నడుముకి కట్టుకున్న గుడ్డతో తుడిచి, నా వైపు తిరిగింది.

"నువ్వు పై వాగు వాడివి కదూ. పో. పోయి ఆమెకి చెప్పు."

పరుగున పోయి చెప్పాను. నాకు ఆనందంగానే ఉంది, ఎందుకు దాచాలి. అది వదిన మొహం చూసేదాకానే. కడుగుతున్న కుండ వదిలేసి నేల మీద కూలబడింది.

"పట్టుకోమన్నాను హోబ్. చంపమన్లేదు."

"వాడే ముందు కాల్చాడు వదినా."

"ఆ ముసలమ్మ చూసిందా?"

"పక్కనే ఉంది."

ఆమె ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

వదిన కోరుకున్న రెండో పని కూడా బాలర్డ్ చేశాడు. వారం తిరిగేలోగా కంపెనీ మనుషుల ఛాతీల మీద ఒక్క బిళ్ళ మిగల్లేదు. అతని ఎడమ చెయ్యి మాత్రం మళ్ళీ లేవలేదు, తల్లి మళ్ళీ అతనితో మాట్లాడలేదు.

మరుసటి ఆగస్టులో దేశ చట్టసభ అయిన కాంగ్రెసులో సీటుకి మళ్ళీ ప్రైమరీ జరిగింది. ఈసారి పై వాగు బలపరచిన మనిషి గెలిచాడు. కాబట్టి వండాల్సింది కింది వాగు. వాళ్ళు రారనే అనుకున్నాం. విందు రోజు ముసలి సిబ్బీ తన కుండ తనే మోసుకుంటూ వచ్చింది. ఎంత అడిగినా ఎవరినీ సాయం పట్టనివ్వలేదు. బాలర్డ్ దూరంగా కంచె దగ్గర నిలబడ్డాడు.

కొత్త అభ్యర్థి పట్టణం మనిషి, నల్ల కోటు. గిన్నె పట్టుకుని నవ్వుతూ కుండ ముందుకి వచ్చాడు. సిబ్బీ అతన్ని దాటుకుని, గరిటె నింపుకుని, మా వదిన కూర్చున్న బల్ల దగ్గరికి నడిచింది.

"గిన్నె పట్టు."

వదిన లేచి నిలబడింది. "ముందు అభ్యర్థికి కదా పెద్దమ్మా."

"ఆయన ఆగుతాడు. ఓడినవాళ్ళు వడ్డించాలి. నేను ఓడాను. పట్టు."

వదిన పట్టింది. ఆమెకి ముందు పళ్ళు లేవని సిబ్బీకి అప్పుడు కనిపించింది. రొట్టె తుంచి, గింజల్లో వేసి, పసిపిల్లకి కలిపినట్టు వేళ్ళతో మెత్తగా మెదిపి ఇచ్చింది. వదిన ఒక ముద్ద తింది. తర్వాత ముసలమ్మ చేతిలోంచి గరిటె తీసుకుంది.

"కూర్చో పెద్దమ్మా. నేనూ ఓడాను."

కుండ దగ్గరికి వెళ్ళి ఇంకో గిన్నె నింపుకొచ్చింది. ఇద్దరూ ఒకే బల్ల మీద, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నారు. అభ్యర్థి ఖాళీ గిన్నెతో అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ ఏడు అతనికి ఎవరూ వడ్డించలేదు.