నడుంపట్టీ మీద హనుమంతమ్మ

కదిరి బజారులో ఎర్రిస్వామికి రెడీమేడ్ బట్టల అంగడి ఉందని తెలియనివాళ్లు ఉండొచ్చు గానీ, అతని భార్య పేరు ఆంజినమ్మ అని తెలియనివాళ్లు మాత్రం లేరు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా ఆ పేరు బజారంతా మోగాల్సిందే. కత్తెర కనబడకపోతే ఆంజినమ్మ. చిల్లర లేకపోతే ఆంజినమ్మ. వాన పడకపోయినా ఆమెదే తప్పు. ఆ లెక్కన రెండు వేల రెండో సంవత్సరం కరువులో ఆమె చేసిన తప్పులకు అంతే లేదు. ఉత్త పేరు అరిస్తే పోనీలే అనుకోవచ్చు. దాని వెనకాల తగిలించే మాటలు వినలేక, చీరలు చూడ్డానికి పక్కంగడికి వచ్చిన ఆడవాళ్లు కొంగు చెవులకు అడ్డం పెట్టుకునేవాళ్లు. చేతికి అందింది విసరడం కూడా అతనికి మామూలే.

అట్లాంటి మనిషి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. గుడ్డ విషయంలో అతని కోపం న్యాయమైన కోపం. ఆ రోజుల్లో పెద్ద కంపెనీల పేర్లు సంచుల్లో తూకానికి దొరికేవి. చొక్కాలు కావు, ఉత్త పేర్లే. ఎవరో ఎక్కడో కుట్టిన చొక్కాకు ఆ పేరు తెచ్చి కాలర్లో అతికించి అద్దాల బీరువాలో పెడితే జనం ఎగబడేవాళ్లు. నాలుగు ఉతుకులకు చంకలో చినిగేది. పేరు మాత్రం భద్రంగా ఉండేది. ఎదురంగడి గోవిందప్ప వ్యాపారమంతా అదే.

దాన్ని చూస్తే ఎర్రిస్వామికి ఒళ్లు మండేది. తన అంగడికి వచ్చినవాడు కాలరు తిప్పి పేరు చదివితే చాలు, చొక్కా చేతిలోంచి లాగేసుకునేవాడు. పేరు కప్పుకుంటావా, గుడ్డ కప్పుకుంటావా, ముందు కుట్టు చూడప్పా అని దాన్ని తిరగేసి, అతుకు రెండు పక్కలా పట్టి గుంజి, తడిగుడ్డతో రుద్ది రంగు దిగుతుందో లేదో చూపించేవాడు. సగంమంది దండం పెట్టి గోవిందప్ప దగ్గరికి పోయేవాళ్లు. మిగతా సగంమంది తిట్లు తింటూనే మళ్లీ మళ్లీ ఇతని దగ్గరికే వచ్చేవాళ్లు. ఎవరికీ తెలియని పేర్లు వెతికి తేవడం అతనికొక పిచ్చి. చొక్కాలు గుత్తిలో రైల్వేవాళ్లకు యూనిఫారాలు కుట్టే ముసలాయన దగ్గర, నిక్కర్లు ముదిగుబ్బలో అన్నదమ్ములిద్దరి దగ్గర. ఆ పేర్లు వాళ్ల వీధి దాటితే ఎవరూ వినలేదు. కుట్టు మాత్రం ఊడేది కాదు.

ఒకరోజు ఒక ఆటో డ్రైవరు బనియన్ల కోసం వచ్చాడు. ఎర్రిస్వామి చూపు అతని జీన్సు ప్యాంటు మీద పడింది. మోకాళ్ల దగ్గర వెలిసిపోయింది, పొద్దస్తమానం సీటు మీద రుద్దుకుని వెనకాల నున్నబడింది. కానీ ఒక్క అతుకు జారలేదు. ఇంక ఆగుతాడా? డ్రైవరును నడివీధిలో నిలబెట్టి, గిర్రున తిప్పి, జేబు చివర్లు వేలితో గుంజి చూశాడు. ఆ పిల్లవాడు సిగ్గుతో చచ్చిపోయాడు. వెనక నడుంపట్టీ మీద అరచేతిలో సగమంత తోలుముక్క, దాని మీద తెలుగు అక్షరాలు: హనుమంతమ్మ, రాయదుర్గం.

మరుసటి రోజే ఎర్రిస్వామి రాయదుర్గం బస్సెక్కాడు. అక్కడ వీధివీధికీ జీన్సు కుట్టే మిషన్లే, కాలవల్లో నీలం రంగు నీళ్లే. అడిగి అడిగి ఒక రేకుల షెడ్డు పట్టుకున్నాడు. హనుమంతమ్మ నలభై ఏళ్ల మనిషి. ఎడమకాలు ఈడ్చి నడుస్తుంది. పోలియో కాబోలు అనుకున్నాడు. నలుగురు ఆడవాళ్లను పెట్టుకుని కుట్టిస్తోంది. అతను ప్యాంటు తిరగేసి గుంజి చూస్తుంటే అడ్డం రాలేదు, బాగుందా అని అడగనూ లేదు. కొంటానన్నాక మాత్రం ఒక షరతు పెట్టింది. ఊరూరి షావుకార్లూ వచ్చి తన సరుకు కొని, తోలుముక్క పీకి పారేసి, ఏదో కంపెనీ పేరు కుట్టుకుని అమ్ముకుంటున్నారట. అట్లాంటివాళ్లకు ఇయ్యడం మానేసిందట.

"నా పేరు పీకనని చేతిలో చెయ్యేసి చెప్పు అన్నా. లేదంటే నీ దుడ్లు నాకొద్దు."

చేతిలో చెయ్యి వేస్తే మా వైపు ఇంక కాగితం అక్కర్లేదు. ఎర్రిస్వామి వేశాడు. పేర్లు పీకేవాళ్లను పుట్టినప్పటి నుంచీ తిడుతున్నవాడు, అతనికి అందులో కష్టమేముంది?

ఆ ఏడు కదిరి తేరు తిరునాళ్లకు ప్యాంట్లు దిగాయి. ఎర్రిస్వామి వాటిని అంగడి ముందు దండెం మీద వెనకవైపు కనబడేట్టు వరసగా వేలాడదీశాడు. గుంజి చూడండి, చినిగితే ఊరికే తీసుకుపోండి అని అరిచాడు. గుంజినవాళ్లంతా కొన్నారు. తేరు పోయి నెల తిరక్కుండానే ఆటోస్టాండు మొత్తం హనుమంతమ్మ ప్యాంట్లలోకి దిగింది. గోవిందప్ప అంగడిలో ఈగలు తోలుకునే పని పడింది.

గోవిందప్ప ఊరుకుంటాడా? శనివారం శనివారం ఆంజనేయస్వామి భజనకు అతనే పెద్ద. ఒక శనివారం భజన ముగించుకుని, నొసట ఇంత సిందూరం పెట్టుకుని వస్తూ, టీ అంగడి బెంచీ మీద వరసగా కూర్చున్న కుర్రాళ్ల వెనక నిలబడిపోయాడు. స్వామి పేరు. ఆ స్వామి పేరు మీద వీళ్లు పిర్రలు పెట్టి కూర్చున్నారు. ఇంతకాలం ఎవరికీ తట్టని పాపం ఆ క్షణంలో అతనికి తట్టింది. భజన వాళ్లను వెంటబెట్టుకుని ఎర్రిస్వామి అంగడి ముందుకు వచ్చాడు. వచ్చే శనివారం లోపల ఆ ముక్కలన్నీ పీకెయ్యాలి, లేదా అంగడి మూసుకోవాలి అన్నాడు.

ఎర్రిస్వామి ఎంత అరిచాడంటే బస్టాండు దాకా వినబడింది. లక్ష్మీదేవి బొమ్మ ఉన్న టపాకాయ కాల్చి తునకలు తునకలు చేసేటప్పుడు మీ భక్తి యాడికి పోతుందిరా అన్నాడు. బీడీకట్ట మీద దేవుని బొమ్మ చించి కాలవలో పారేసేటప్పుడు ఏం చేస్తాండారు అన్నాడు. మాట నిజమే. కానీ తిట్లలో కలిపి చెప్పిన నిజాన్ని ఎవడు వింటాడు? సోమవారానికి కుర్రాళ్లు ఒక్కొక్కరే ప్యాంట్లు వాపసు తెచ్చి గల్లా మీద పడేశారు. ఇంట్లో అమ్మ ఏడుస్తోందని ఒకడు, పరీక్ష పోతుందని ఒకడు. మంగళవారం గిరాకీ లేదు. బుధవారం అంగడి గడప ఎవరూ తొక్కలేదు.

బుధవారం సాయంత్రం ఎర్రిస్వామి లోపలి గదిలో కూర్చుని, బ్లేడు తీసుకుని, హనుమంతమ్మ పేరు పీకడం మొదలుపెట్టాడు. అవును, అతనే. పేర్లు పీకేవాళ్లను తిట్టీ తిట్టీ గొంతు పోగొట్టుకున్నవాడే. ఆంజినమ్మ టీ తెచ్చి చూసింది. ఎప్పుడూ ఎదురు మాట్లాడని మనిషి, ఆరోజు నోరు తెరిచింది.

"చేతిలో చెయ్యేసి వచ్చినానంటివే" అంది.

స్టీలు గ్లాసు టీతో సహా గాల్లోకి లేచింది. మోచెయ్యి అడ్డం పెట్టుకుంది కాబట్టి ముఖం తప్పింది, మోచెయ్యి చిట్లింది. ఆమె పేరూ, ఆమె పుట్టింటివాళ్లూ, వాళ్ల పుట్టుకలూ మరోసారి బజారంతా వినబడ్డాయి. ఆ ఊపులోనే అతను ఎస్టీడీ బూతుకు పోయి రాయదుర్గానికి ఫోను చేశాడు. ఆడముండకు పేరు పెట్టుకోవడానికి ఇంకో చోటే దొరకలేదా, నీ పేరు మార్చి వేరే ఏదన్నా కుట్టు, లేకుంటే నీ సరుకు నువ్వు తీసుకపో అని అరిచాడు. అటువైపు హనుమంతమ్మ అంతా విన్నది. శనివారం నేనే వస్తానని ఫోను పెట్టేసింది.

వచ్చింది. మొదటి బస్సుకు బయల్దేరి, కదిరి బస్టాండు నుంచి కాలు ఈడ్చుకుంటూ నడిచి వచ్చింది. అప్పటికే గోవిందప్ప తన మందితో అంగడి ముందు నిలబడి ఉన్నాడు. ఎర్రిస్వామి గల్లా వెనకాల ఉన్నాడు. అంత నోరు ఉన్నవాడు ఆమెను చూడగానే గల్లా తెరిచి చిల్లర లెక్కబెట్టడం మొదలుపెట్టాడు. హనుమంతమ్మ ఇక్కడ పెద్ద ఎవరని అడిగింది. గోవిందప్ప గొంతు సవరించుకుని స్వామి పేరు గొప్పతనం చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె చివరిదాకా విన్నది.

"మా నాయన కసాపురం ఆంజనేయసామి గుడికి పోయి మొక్కుకుంటే పుట్టినానంట. అందుకే సామి పేరు పెట్టినాడు. నా మొగుడు ఏండ్ల తరబడి ఆ పేరు పెట్టి పిల్చే నన్ను తన్నినాడు. ఈ కాలు నాకు పుట్టుకతో ఇట్లా లేదు. నడివీధిలో జుట్టు పట్టుకొని, ఒసే హనుమంతీ అని తన్నుతాంటే, మా ఊరి భజనవాళ్లు అరుగుల మీద కూర్చొని చూస్తాండిరి. సామి పేరు కాలికింద పడుతాందే అని ఒక్కరన్నా లేసినారా? అప్పుడు అది సామి పేరు కాదా అన్నా? నేను కుట్టిన గుడ్డ మీద నేను పెట్టుకున్న రోజే అయిందా?"

గొంతు పెంచలేదు. ఏడవలేదు. కోపమంతా ఆ కళ్లలోనే ఉంది. గోవిందప్ప ఆడదానితో వాదమేమిటని గొణిగాడు. వెనక ఉన్నవాళ్లలో ఒకడు తల దించుకుని పక్కసందులోకి జారుకున్నాడు, వాడి వెనక ఇంకొకడు. వాళ్ల ఇళ్లలో కూడా హనుమంతమ్మలూ ఆంజినమ్మలూ ఉన్నారు కదా, తిరుపతమ్మలూ లక్షుమమ్మలూ ఉన్నారు కదా. మంది పలచబడ్డాక గోవిందప్ప కూడా తన అంగడిలోకి పోయి పంఖా వేసుకుని కూర్చున్నాడు. ఆటో డ్రైవరు ఒకడు వచ్చి, సోమవారం తను పడేసిపోయిన ప్యాంటు ఏదని అడిగాడు.

అది ముక్క పీకిన ప్యాంటు. ఎర్రిస్వామి లోపలి నుంచి అట్లాంటివన్నీ మూట తెచ్చి హనుమంతమ్మ ముందు పెట్టాడు, పైన పీకిన తోలుముక్కలు పెట్టాడు. ఆమె వాటిని చూసింది. తిట్టినా బాగుండు, తిరిగి అరవడానికి అతనికి దారి దొరికేది. సూదీ దారం అడిగి, అక్కడే చాప మీద కూర్చుని, మొదటి ముక్క తిరిగి కుట్టడం మొదలుపెట్టింది.

ఆంజినమ్మ ఆమెకు చెంబుతో నీళ్లు తెచ్చింది. మోచేతికి చుట్టిన పాతగుడ్డ మీద పసుపూ నెత్తురూ మరకలు కట్టి ఉన్నాయి. హనుమంతమ్మ చెంబు అందుకుంటూ ఆ మోచెయ్యి చూసింది. సూది పక్కన పెట్టింది.

"నీ పేరేందమ్మా?" అని అడిగింది.

ఆంజినమ్మ చెప్పొచ్చునా అన్నట్టు మొగుని వైపు చూసింది. తర్వాత, మెల్లగా, ఆంజినమ్మ అని చెప్పింది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆ పేరు ఆమె నోటి నుంచి ఎర్రిస్వామి వినడం అదే మొదలు.

"ఈమెది కూడా ఆ సామి పేరేనా అన్నా?" అంది హనుమంతమ్మ, అతని వైపు తిరిగి.

బజారులో ప్రతివాడికీ జవాబు చెప్పే ఎర్రిస్వామి నేల చూస్తూనే మూట మీది ఇంకో తోలుముక్క తీసి హనుమంతమ్మ వైపు చెయ్యి చాపాడు. ఆంజినమ్మ అలవాటు కొద్దీ, ఏదో ఒకటి వచ్చి తగులుతుందని మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంది.